పై అర నంబరు

పూజ ఏం పని చేస్తుందో ఆమె పుట్టిన తండాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. నెల్లికుదురు దాటాక తారు రోడ్డు దిగి, మిరప చేన్ల మధ్య నుంచి పోతే వచ్చే తండా అది. ఆమె తండ్రి హీర్యాను అడిగితే "మా పిల్ల ఫోన్లు తయారు చేస్తది" అని మీసం మెలేస్తాడు. పక్కింటివాళ్లను అడిగితే "ఫోన్లు బాగుచేస్తదట, గా పనికి జనగామ దాక ఎందుకు పోవుడు, మానుకోటల షాపు పెట్టుకోరాదా" అంటారు. రెండూ కాదు. గోదాముల్లో కూలీలు చేత్తో పట్టుకుని తిరిగే మిషన్ ఒకటుంటుంది. ఫోను కన్నా కాస్త లావు, కింద పడ్డా పగలదు. దాని స్క్రీన్ మీద ఏ బొమ్మ రావాలి, ఏ అంకె ఎంత పెద్దగా ఉండాలి, ఏ మీట ఎక్కడుంటే బొటనవేలికి అందుతుంది, ఇవన్నీ ఆలోచించి గీసి ఇవ్వడమే పూజ ఉద్యోగం. తీరిగ్గా చెబితే ఎవరికైనా అర్థమయ్యేదే. తీరిగ్గా వినేవాళ్లు ఎవరున్నారు, చెప్పండి!

మీరు వింటున్నారు గనక చెబుతాను. జనగామ దాటగానే హైవే పక్కన ఒక పెద్ద గోదాము ఉంది. ఫ్యాన్లు, కుక్కర్లు, బకెట్లు, సబ్బు పెట్టెలు అక్కడ లారీల్లో దిగుతాయి. అక్కడి నుంచి దంతాలపల్లి, రేగొండ లాంటి ఊళ్లలోని దుకాణాలకు పోతాయి. దిగిన సరుకును అరల్లో సర్దే పనిని ఆఫీసులో పుటవే అంటారు. సర్దే ఆడవాళ్లు మాత్రం దాన్ని సర్దుడు అనే అంటారు. పెట్టె మీద నల్ల గీతల స్టిక్కర్ ఉంటుంది. దానికి మిషన్ చూపిస్తే ఫలానా వరుసలో ఫలానా అర అని స్క్రీన్ మీద వస్తుంది. పెట్టెను ఆ అరలో పెట్టి, అరకు అంటించిన స్టిక్కర్‌కు మళ్లీ మిషన్ చూపించాలి. కిచ్‌మంటుంది, పని అయినట్టే. చిన్నపిల్లల ఆటలా కనబడుతుంది గాని పొద్దంతా అదే ఆట ఆడితే నడుములు పోతాయి.

పూజకు ఈ పని నేర్పింది కాలేజీ కాదు, జమ్లీ. తల్లి చెల్లెలు. పూజ ఆమెను మాసీ అంటుంది. జమ్లీని జనగామ పక్క తండాకు ఇచ్చారు. మొగుడు ప్రేమ్‌సింగ్ హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోతే నెలకోసారి ఇల్లు చూసుకుంటాడు, అదీ గుర్తుంటే. పూజ జనగామలో డిగ్రీ చదివినన్నాళ్లూ జమ్లీ ఇంట్లోనే ఉంది. ఒకే పొయ్యి, ఒకే గది. జమ్లీ కూతురు దీపతో ఒకే దుప్పటి కింద పడుకుంది. పొద్దున్నే జొన్న రొట్టె చేతిలో పెట్టి "తిని పో బిడ్డా, ఖాళీ కడుపుతోని చదువు తలకెక్కది" అనేది జమ్లీ. వాళ్లు మాట్లాడుకునేది తండా భాష. మీకోసం తెలుగు చేసి చెబుతున్నాను.

జమ్లీకి చదువు రాదు, అంకెలు వచ్చు. గోదాములో హమాలీ పనికి చేరాక ఆమె తెచ్చే కబుర్లన్నీ మిషన్ మీద తిట్లే. "గింతింత అక్షరాలు పెట్టిన్రు, వాడి కండ్లు పేల, చీమలకు చూపిస్తరా ఏంది!" అనేది. పూజకు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది. అట్టముక్కను మిషనంత కత్తిరించి, దాని మీద స్క్రీన్ గీసి జమ్లీ చేతికిచ్చింది. "నీ బొటనవేలు ఎక్కడికి పోతది మాసీ?" అని అడిగింది. వరుసకో రంగు పెట్టింది, అంకెల్ని అరచేయంత చేసింది. ఆ అట్టముక్కల్నే పట్టుకుపోయి గోదాము కంపెనీలో చూపిస్తే మేనేజరు విద్యాసాగర్ అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చాడు. కొత్త స్క్రీన్ వచ్చిన రోజు జమ్లీ గోదామంతా తిరిగి చెప్పింది, "గిది మా అక్క బిడ్డ చేసింది" అని. లంబాడీ పిల్ల ఏసీ రూములో కూర్చుని అందరి చేతుల్లోకి వచ్చే బొమ్మలు గీస్తోందంటే ఆమెకు ఎంత గర్వమో! ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది. ఆగలేదు, మన ఖర్మ.

గోదాములో ఒక కిటుకు నడుస్తుండేది. పై అరలు ఇంటి కప్పు కన్నా ఎత్తులో ఉంటాయి. బరువు పెట్టెల్ని గణపతి అనే డ్రైవరు కింద కూర్చునే లిఫ్టు బండితో పైకెత్తి పెట్టి, మరో వరుసకు పోతాడు. పని మాత్రం కింద నిలబడ్డ ఆడమనిషి పేరు మీద ఉంటుంది. పై అర స్టిక్కర్‌కు ఆమే మిషన్ చూపించాలి. ఎట్లా అందుతుంది? అందుకని గోదాము ఇన్‌చార్జి అమీర్ అలీ ఒక ఉపాయం చేశాడు. వరుస మొదట్లో ఒక అట్ట వేలాడదీసి, ఆ వరుసలోని పై అరల స్టిక్కర్లన్నింటికీ జిరాక్సులు తీయించి దాని మీద అంటించాడు. ఆడవాళ్లు అట్ట దగ్గర నిలబడి కిచ్‌మనిపిస్తారు, సర్దుడు అయిపోతుంది. గణపతి తొందరలో పెట్టెను పక్క అరలో పెట్టినా మిషన్‌కు తెలియదు. తర్వాత రేగొండ దుకాణానికి ఫ్యాన్లు పంపాలంటే ఉండాల్సిన చోట ఫ్యాన్లు ఉండవు, కుక్కర్లుంటాయి. లారీ ఆగిపోతుంది, దుకాణదారు ఫోన్లో తిడతాడు, హైదరాబాద్ ఆఫీసు విద్యాసాగర్‌ను తిడుతుంది.

విద్యాసాగర్ పూజను పిలిచాడు. "వాళ్లు కింద నిలబడి దొంగ స్కాన్లు కొడుతున్నారు పూజా. అబద్ధమాడడానికి వీల్లేని స్క్రీన్ కావాలి నాకు" అన్నాడు.

పూజ చేసిచ్చింది. తెలివైన పిల్ల కదా, చేయకుండా ఎట్లా ఉంటుంది! ప్రతి అరకూ అగ్గిపెట్టంత డిజిటల్ బిళ్ల పెట్టించింది. దాని మీద ఒక నంబరు వెలుగుతుంటుంది, సరుకు పెట్టినప్పుడల్లా అదంతట అదే మారిపోతుంది. స్టిక్కర్‌కు మిషన్ చూపించాక స్క్రీన్ అడుగుతుంది: ఇక్కడున్న నంబరు ఎంత? ఆ అర ముందు నిలబడ్డ మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు. వేలాడే అట్టలన్నీ పీకి బయట పారేశారు. స్క్రీన్ పైన ఒక పట్టీ కూడా పెట్టింది, పని మొదలైనప్పుడు పచ్చగా ఉండి, ఆలస్యమయ్యేకొద్దీ పసుపై, ఎర్రనై సూపర్‌వైజరుకు కబురు పంపేది. అడిగింది విద్యాసాగరే, కాని అందంగా గీసింది పూజ.

అమీర్ అలీ ఒకసారి అడిగాడు. "అంతా ఠీక్ ఉంది బేటీ. పై అరలకు ఎట్ల?"

"చక్రాల నిచ్చెన ఉంది గదా భాయ్" అంది పూజ.

ఉంది. అంత గోదాముకూ ఒక్కటంటే ఒక్కటి. ఆ సంగతి పూజకు తెలియదా? తెలుసు. ఇంకా తెప్పిస్తారులే అనుకుంది. ఎవరు తెప్పిస్తారో అడగలేదు. స్క్రీన్ల నమూనాలో అర ముందు నిలబడ్డ మనిషి బొమ్మ వేసింది. చేయి వేసింది, మిషన్ వేసింది, బిళ్ల వేసింది. ఆ మనిషి పాదాలు దేని మీద ఉన్నాయన్న ఆలోచనే ఆమెకు రాలేదు. ఆఫీసులో కుర్చీ మీద కూర్చుని గీసినప్పుడు అందరూ నేల మీదే ఉంటారు.

ఇక గోదాములో ఏం జరిగిందో వినండి. నిచ్చెన ఎప్పుడూ పక్క వరుసలోనే ఉండేది. దాని కోసం పోతే పట్టీ ఎర్రబడేది. సొంత ఫోన్లు లోపలికి రానివ్వరు గనక ఫొటో తీసి పెద్దది చేసి చూద్దామన్నా కుదరదు. పని పోతుందని భయం. చివరికి ఆడవాళ్ల జట్టు ఒక ఒప్పందానికి వచ్చింది. జట్టంటే జమ్లీ, చంద్రమ్మ, యాకమ్మ, ఇంకో ఇద్దరు. చంద్రమ్మ లావు మనిషి, యాకమ్మకు ఎత్తు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. జమ్లీ మాత్రం గడకర్రలా సన్నం. చింతకాయ దులిపే కాలంలో చెట్టు కొమ్మల చివరి దాకా పోయిన మనిషి. "నా బరువు మీరు మోయిన్రి, మీ ఎత్తు నేనెక్కుత" అంది. హమాలీ జట్ల ధర్మమే అది. ఒకరికి చేతకానిది ఇంకొకరు చేస్తారు, ఎవరూ పైకి చెప్పుకోరు. కింది పెట్టెల్ని జమ్లీ వంతువి కూడా వాళ్లు మోశారు. పై నంబర్లన్నీ అందరి తరఫునా జమ్లీ చూసింది. అందరి మిషన్లూ పైట కొంగులో మూటగట్టి నడుముకు బిగించి, ర్యాకు ఇనుప కడ్డీల మీద అడుగులేసుకుంటూ ఎక్కేది. పైన కూర్చుని ఒక్కో మిషన్ తీసి నంబరు కొట్టేది.

ఒకరి మిషన్ ఇంకొకరికిస్తే పనిలోంచి తీసేస్తారని గేటు దగ్గర బోర్డే ఉంది. అందుకే అందరూ నోరు కుట్టేసుకున్నారు. చివరికి జమ్లీ కూడా ఇంట్లో ఒక్క మాట అనలేదు. తన అక్క బిడ్డ చేసిన స్క్రీన్‌కు చెడ్డ పేరు రావొద్దని.

సరుకు తప్పుచోట పెట్టడం పూర్తిగా ఆగిపోయింది. విద్యాసాగర్ మిఠాయి పెట్టె తెప్పించి ఆఫీసంతా పంచాడు. పూజ తన స్క్రీన్ల మీద కొట్టిన నంబర్లను కంప్యూటర్లో చూస్తుండగా ఒక విచిత్రం కనబడింది. వేర్వేరు మనుషులవి, ఒకే చోటి నుంచి, ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. గోదాములో సిగ్నల్ సరిగా లేక పోగుపడి ఒకేసారి వస్తున్నాయనుకుంది. పోయి చూద్దామనుకోలేదు. సిగ్నల్ పెట్టెలు ఇంకో రెండు బిగించమని చెప్పింది. మంచి సలహా అని మెచ్చుకున్నారు కూడా!

కొత్త గోదాము పెట్టబోయే చోటు చూడడానికి పూజ భూపాలపల్లి పోయిన రోజున జమ్లీ పడిపోయింది. ఫోన్ చేసింది అమీర్ అలీ. "బేటీ, మీ చిన్నమ్మ కింద పడ్డది. వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకపోతున్నం. జల్ది రా" అన్నాడు. పూజ దొరికిన బస్సు ఎక్కింది. పరకాల దాటినా, హనుమకొండ వచ్చినా ఆమెకు ఒక్కటే అర్థం కాలేదు: నేల మీద సర్దే మనిషి ఎక్కణ్నుంచి పడుతుంది?

దవాఖాన వసారాలో చంద్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పూజను చూడగానే గొల్లుమంది. "ముగ్గురి మిషన్లు కొట్టింది బిడ్డా. నాది తీసేటప్పుడు కాలు జారింది. నాదే తీస్తుండె" అని తల బాదుకుంది. పూజ ఆమె చేతులు పట్టుకుని ఆపి, మెల్లగా అంతా అడిగింది. కొంగులో మూటలు, కడ్డీల మీద అడుగులు, ఎర్ర పట్టీ, అన్నీ తెలిశాయి. కంప్యూటర్లో వరసగా వచ్చి పడ్డ నంబర్లు ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. తన మీద తనకే ఇంత అసహ్యం వేస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

జమ్లీ బతికింది. నడుము కింద మాత్రం చచ్చిపోయింది. ఇక నిలబడదని డాక్టరు చెప్పాడు. దీప తల్లి మంచం పక్కన కూర్చుని, స్పర్శ లేని ఆ కాళ్లనే పిసుకుతూ ఉంది. ఎవరాపినా ఆగలేదు.

తర్వాత ఆఫీసులో విద్యాసాగర్ తలుపు మూసి పూజను కూర్చోబెట్టాడు. చెడ్డవాడేమీ కాదు, అతనికీ పిల్లలున్నారు. పాము చావకుండా కర్ర విరగకుండా బతకడం నేర్చినవాడు, అంతే. "లేబర్ ఆఫీసరు విచారణకు వస్తున్నాడు. పని కోసమే ఎక్కిందని తేలితే ఆమె జీవితాంతం బాధ్యత మనదే. తనంతట తాను ఎక్కిందంటే మనకు సంబంధం లేదు. మన స్క్రీన్‌లో ఎక్కడైనా ఎక్కమని ఉందా?" అన్నాడు.

"ఎక్కకుండ నంబరు ఎట్ల కనబడ్తది సార్?"

"నిచ్చెన ఉంది కదా."

తను అమీర్ అలీకి చెప్పిన జవాబే తిరిగి ఆమె మొహాన కొట్టినట్టయింది. అయినా తమాయించుకుంది. "అందరి మిషన్లు ఒక్కామె చేతిల ఉండె సార్. పైనుంచే కొట్టింది. కంప్యూటర్ల కనబడ్తది. నేను చూపిస్త ఆఫీసరుకు" అంది.

విద్యాసాగర్ బల్ల మీదికి వంగాడు. "చూపించు. రోజూ ఎక్కుతోందని రుజువవుతుంది, మీ చిన్నమ్మకు న్యాయం జరుగుతుంది. మిషన్లు ఇచ్చిన ఆ నలుగురినీ ఆ సాయంత్రమే తీసేయాల్సి వస్తుంది. బోర్డు నేను పెట్టింది కాదు, హైదరాబాద్ రూలు. ఇంకో మాట కూడా విను. నువ్వు ఊరుకుంటే ఆ నంబరు పద్ధతి మార్పిస్తా. ఇంకెవరూ ఎక్కే పని ఉండదు." కుర్చీ వెనక్కి జరిపాడు. "ఆలోచించుకో."

పూజ అడకత్తెరలో పోకచెక్క అయింది. అయినా ఆమె నిర్ణయం తీసుకుంది, చెప్పాల్సిందేనని. నడుము విరిగిన మనిషి కన్నా ఎవరి కొలువు ఎక్కువ? ఆ మాటే చెబుదామని దవాఖానకు పోయింది. దీపను టీకి పంపించి, మంచం మీద వంగి, "మాసీ, నేను ఆఫీసరుకు అంతా చెప్తున్న" అంది.

జమ్లీ కళ్లు తెరిచింది. "చెప్తే ఏమైతది?"

"కంపెనీనే నిన్ను చూసుకోవాలె. దవాఖాన, మందులు, బతికినన్నాళ్లు."

"వాళ్లకేమైతది?"

పూజ దుప్పటి అంచు సర్దింది.

"మిషన్లు ఇచ్చినందుకు తీసేస్తరు గదనే?"

"తీసేస్తరు."

"అయితే చెప్పకు."

"నీకు పిచ్చా మాసీ? కాళ్లు పోయినయి నీకు! రేపటి సంది నిన్నెవరు చూస్తరు? బాబాయ్ చూస్తడా?"

"నా కాళ్లు పోయినయి. వాళ్ల కూడెందుకు పోవాలె?" జమ్లీ గొంతు లేవడం లేదు, అయినా ప్రతి మాటా కుదురుగా వస్తోంది. "నా పెట్టెలు మోసీ మోసీ యాకమ్మ వీపు వంగిపోయింది. ఒక్కనాడు మూతి ముడవలే. నేను మంచంల పండుకొని వాళ్ల నోట్ల మట్టి కొట్టాల్నా? తండాల తలెత్తుకుంటనా నేను?"

"మరి నా సంగతేంది? నేను చేసిన మిషన్ వల్ల..." పూజకు మాట పూర్తి కాలేదు, ఏడుపు తన్నుకొచ్చింది.

జమ్లీ చేయి కదిలించి ఆమె తల మీద పెట్టింది. "నీ మిషన్ మంచిదే బిడ్డా. అంకెలు మంచిగ కనబడ్తయి. నేనే జారిన" అంది. ఆ మంచి మాట పూజను కోసినట్టు ఇంకే తిట్టూ కోయలేదు. "నా మీద ఒట్టు, చెప్పకు."

విచారణ గోదాములోనే జరిగింది. ఆఫీసరు ఓపికగా అందరినీ అడిగి రాసుకున్నాడు. చంద్రమ్మ, యాకమ్మ, మిగతా ఇద్దరూ గోడవార తలలు దించుకుని నిలబడ్డారు. జమ్లీ ఎందుకెక్కిందో మాకు తెలియదన్నారు. అమీర్ అలీ తన బూట్లను చూసుకుంటూ ఉండిపోయాడు. చివరికి పూజ వంతు వచ్చింది.

"అమ్మా, ఈ స్క్రీన్లు మీరే చేశారట. ఈ మిషన్ మనిషిని ర్యాకు మీదికి ఎక్కమంటుందా?" అని అడిగాడు ఆఫీసరు.

పూజ నోరు తెరిచింది. నలుగురు ఆడవాళ్లూ ఒక్కసారిగా తలెత్తి ఆమె వైపు చూశారు. యాకమ్మ రెండు చేతులూ కొంగు కింద జోడించి ఉన్నాయి. పూజకు జమ్లీ పెట్టిన ఒట్టు గుర్తొచ్చింది. నంబరు పద్ధతి మార్పిస్తానన్న విద్యాసాగర్ మాటా గుర్తొచ్చింది. ఇంకెవరూ ఎక్కరు కదా అని మనసుకు చెప్పుకుంది.

"లేదు సార్. ఎక్కమని అందులో ఎక్కడా లేదు."

అబద్ధం కాదు. అక్షరాలా నిజం. అట్లాంటి నిజం చెప్పిన నోటిని ఏం చేసినా పాపం లేదు. జమ్లీ తనంతట తానే ఎక్కిందని రాసుకుని ఆఫీసరు వెళ్లిపోయాడు. బయటికొచ్చాక యాకమ్మ పూజ కాళ్లకు దండం పెట్టబోయింది. పూజ వెనక్కి జరిగి, గేటు వైపు నడిచింది.

జమ్లీని ఆమె తండాకు తీసుకొచ్చారు. మర్నాటి నుంచే పూజ విద్యాసాగర్ వెంట పడింది. నంబరు ఎప్పుడు మారుస్తారు సార్? హైదరాబాద్ ఒప్పుకోవాలి. పైవాటికి వద్దు, కింది అరలకు మాత్రమే ఉంచుదాం సార్. రాసి పంపు, చూద్దాం. పంపింది. జవాబు రాలేదు. ఇంతలో భూపాలపల్లిలో గోదాము తెరవాలి, అక్కడుండి చూసుకోమని ఆమెను పంపించారు. వానాకాలమంతా అక్కడే గడిచింది. జమ్లీకి మందులూ డైపర్లూ పంపుతూ, రోజూ ఫోన్ చేస్తూ ఉంది. ఒకరోజు విద్యాసాగరే ఫోన్ చేశాడు. "నువ్వడిగావు కదా, జనగామ స్క్రీన్ మార్చేశాం. హైదరాబాద్ వాళ్లే చేసి పెట్టారు. ఇక మనసు కుదుటపరచుకో" అన్నాడు.

అదే వారం జమ్లీ కూడా ఒక మాట చెప్పింది. "జట్టోళ్లు మంచోళ్లు బిడ్డా. నా జాగ పరాయోళ్లకు ఇయ్యలే. దీపను తీసుకున్నరు." హమాలీల్లో ఆ పద్ధతి ఉంది. మనిషి పడిపోతే ఆ చోటు ఆ ఇంటిదే, ఇంకొకరు అడగరు. దీప నర్సింగుకు దరఖాస్తు చేసుకుందని పూజకు తెలుసు. కాని ఇంట్లో పొయ్యి వెలగాలి కదా, ఎక్కే పనైతే లేదు కదా అని సర్దుకుంది. చదువు వచ్చే ఏడన్నా చదివించొచ్చనుకుంది.

వానలు వెలిశాక జనగామ వచ్చింది. ముందు గోదాముకే పోయింది, దీపను పలకరించి ఇద్దరూ కలిసి ఇంటికి పోదామని. గేటు దగ్గర అమీర్ అలీ ఆమెను చూసి సలాం చేశాడు గాని కళ్లు కలపలేదు. "దీప ఎక్కడ భాయ్?" అంటే లోపలి వరుసల వైపు చేయి చూపించి, అవతలికి వెళ్లిపోయాడు. చంద్రమ్మ, యాకమ్మ ఒక వరుసలో పెట్టెలు మోస్తున్నారు. వాళ్ల చేతుల్లో మిషన్లు లేవు.

పైనుంచి కిచ్‌మన్న చప్పుడు వినబడింది.

పూజ తలెత్తింది. పై అర కడ్డీ మీద దీప కూర్చుని ఉంది. చున్నీని నడుముకు బిగించి ముడేసుకుంది. అందులో మిషన్లు బరువుగా వేలాడుతున్నాయి. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతిలోని మిషన్‌ను పట్టి, బొటనవేలితో నంబరు కొడుతోంది.

"దీపా!"

"అక్కా! ఎప్పుడొచ్చినవే?" దీప మొహం విప్పారింది. "జర ఆగు, గివి కొట్టి దిగుత. అమ్మ ఎక్కేది గద, అమ్మ జాగ నాదే గద. వీళ్లు నా పెట్టెలన్ని మోస్తున్నరు, పాపం."

"స్క్రీన్ మార్చిన్రు గదనే! నంబరు తీసేసిన్రు గద!"

"నంబరు యాడ తీసేసిన్రు? ఉన్నది. ఇంకోటి కొత్తగ పెట్టిన్రు." దీప మిషన్‌ను కిందికి తిప్పి చూపించింది. అంత దూరం నుంచి కూడా పెద్దక్షరాలు స్పష్టంగా కనబడ్డాయి. అక్షరాలు పెద్దగా ఉండాలని పూజ పెట్టిన కొలతే అది. స్క్రీన్ మీద రాసి ఉంది: "నేను నేల మీద భద్రంగా నిలబడి ఉన్నాను." కింద రెండు మీటలు, అవును, కాదు.

"ఒక్కో పెట్టెకు ఒక్కోసారి అడుగుతది అక్కా. అవును అంటేనే నంబరు కొట్టనిస్తది."

"కాదు అని కొట్టు దీపా! నా మాట విను. కాదు అని కొట్టి దిగిరా!"

"కొడితే పని బంద్ అయితది. సూపర్‌వైజర్ వస్తడు. ఎందుకెక్కినవ్, గీ మిషన్లన్ని ఎవరియి అంటడు. అందరం పోతం." దీప కడ్డీ మీద కొంచెం సర్దుకుని కూర్చుంది. "గంతెందుకు పరేషాన్ అయితవ్? నేను అమ్మలెక్క జారను."

ఆమె అవును నొక్కి, నంబరు కొట్టింది. ఆ మిషన్‌ను చున్నీలో వేసుకుని యాకమ్మది తీసి, అందులోనూ అవును నొక్కింది.